దుబాయ్ ఎడారి సఫారీ: డబ్బు కట్టే ముందు అడగవలసినవి, ఆ రోజు ఎదురయ్యేవి

దుబాయ్ వెళ్లే తెలుగు కుటుంబాల ప్రయాణ పట్టికలో బుర్జ్ ఖలీఫాతో పాటు దాదాపు తప్పకుండా ఉండేది ఎడారి సఫారీ. మధ్యాహ్నం హోటల్ దగ్గర కారెక్కించుకుని, ఇసుక దిబ్బల మీద కాసేపు తిప్పి, సూర్యాస్తమయం చూపించి, క్యాంపులో భోజనం పెట్టి, రాత్రికి మళ్లీ హోటల్ దగ్గర దించే ఈ ఆరేడు గంటల కార్యక్రమాన్ని ఎన్నో సంస్థలు ఇంచుమించు ఒకే మాటలతో, ఒకే తరహా ఫొటోలతో అమ్ముతాయి. అందువల్ల బయటికి కనిపించే తేడా ధర ఒక్కటే అవుతుంది, చాలామంది దాన్ని చూసే ఎంచుకుంటారు. కానీ ఏ ఎడారికి తీసుకువెళతారు, ఏ వాహనంలో ఎంతమందిని కూర్చోబెడతారు, దిబ్బల మీద ఎంతసేపు తిప్పుతారు, దేనికి విడిగా డబ్బు తీసుకుంటారు అన్నవి సంస్థ సంస్థకూ మారతాయి. ఇవన్నీ ముందుగా అడిగితే తెలిసే విషయాలే. అడిగేటప్పుడు మన ఉత్సాహం కన్నా, మనతో వచ్చేవారిలో ఎవరి ఒంటికి ఈ ప్రయాణం కష్టమవుతుందో వారిని దృష్టిలో పెట్టుకోవాలి. అమ్మానాన్నలను, చంటిపిల్లలను వెంటబెట్టుకుని వెళ్లేవారికి ఈ మాట మరీ ముఖ్యం.

ఏ వేళ, ఏ కాలంలో

ఎక్కువమంది వెళ్లేది సాయంకాలపు సఫారీకి. మధ్యాహ్నం రెండున్నర, మూడున్నర మధ్య బయలుదేరి, రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర ప్రాంతంలో తిరిగి వస్తారు. ఉదయపు సఫారీలో దిబ్బల మీద కారు ప్రయాణం, ఒంటె సవారీ, పలక మీద నిలబడి ఇసుకలో జారడం వంటివి ఉంటాయి కానీ, విందు, నృత్య ప్రదర్శనలు సాధారణంగా ఉండవు. మధ్యాహ్నానికల్లా హోటల్ చేరుకోవచ్చు. రాత్రి ఎడారిలోనే పడుకుని మర్నాడు పొద్దున వచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఆటపాటల మీద పెద్దగా ఆసక్తి లేక, ఎడారిని చూడడమే ముఖ్యమనుకునేవారికి ఉదయపు సఫారీయే మంచిదని నా అభిప్రాయం. రద్దీ తక్కువగా ఉంటుంది, రాత్రి భోజనం ఆలస్యమవుతుందన్న బెంగ ఉండదు.

నవంబరు నుంచి మార్చి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పగటి ఉష్ణోగ్రత తరచుగా నలభై డిగ్రీలు దాటుతుంది, సాయంత్రం అయిదు గంటలకు కూడా ఇసుక కాలిపోతూ ఉంటుంది. మన పిల్లలకు వేసవి సెలవులు వచ్చే మే నెల కూడా అక్కడ ఎండలు ముదిరిన కాలమే. ఆ నెలల్లో తప్ప వెళ్లడం కుదరనివారు ఉదయం వీలైనంత తొందరగా బయలుదేరే సఫారీని వెతుక్కోవాలి.

బయలుదేరే సమయాన్ని సూర్యాస్తమయంతో పోల్చి చూసుకోవడం చాలా అవసరం. దుబాయ్‌లో డిసెంబరులో సుమారు అయిదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు, జూన్ చివర్లో ఏడు దాటుతుంది. నగరం నుంచి దిబ్బల దగ్గరికి వెళ్లడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది, దారిలో ఒకచోట అరగంట ఆపుతారు, ఆ తరువాత దిబ్బల మీద తిప్పుతారు. ఈ లెక్కన డిసెంబరులో నాలుగు గంటలకు కారు పంపిస్తామనే సంస్థతో వెళ్తే సూర్యాస్తమయం దారిలోనో, దిబ్బల మీద తిరుగుతుండగానో అయిపోతుంది.

రంజాన్ నెలలో వెళ్లేవారు మరొక సంగతి కనుక్కోవాలి. ఆ నెలలో చాలా క్యాంపుల్లో సంగీతం, బెల్లీ డాన్స్ (నడుము, పొట్ట కదిలిస్తూ చేసే అరబ్బీ నృత్యం) ఉండవు. భోజనం, ఒంటె సవారీ వంటివి మాత్రం కొనసాగుతాయి. ఇస్లామిక్ క్యాలెండర్ చంద్రమానాన్ని అనుసరిస్తుంది కనుక రంజాన్ ఏటా అంతకుముందు ఏడాది కన్నా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. టికెట్లు కొనే ముందే ఆ తేదీలు చూసుకుంటే తరువాత నిరుత్సాహపడే అవసరం ఉండదు.

ఏ ఎడారికి తీసుకువెళతారు

ఫొటోలలో కనిపించే ఎర్రని దిబ్బలు ఎక్కువగా లహ్‌బాబ్ ప్రాంతానివి. ఇది దుబాయ్ నుంచి హత్తాకు వెళ్లే రహదారి వైపు ఉంది. ఇసుకలోని ఐరన్ ఆక్సైడ్ వల్ల దానికి ఆ రంగు వచ్చింది, సాయంత్రపు ఎండలో అది మరింత ముదురుగా కనిపిస్తుంది. దిబ్బలు ఎత్తుగా ఉండడం వల్ల కారు ప్రయాణంలో ఉత్కంఠ ఇక్కడే ఎక్కువ, జనం కూడా ఎక్కువే. కొన్ని చవక ప్యాకేజీలు నగరానికి దగ్గరగా, దిబ్బలు తక్కువ ఎత్తులో ఉండే చోట్లకు తీసుకువెళతాయి. అందులో తప్పేమీ లేదు, పెద్దవారికి అదే మేలు కూడా. కాకపోతే ఎర్ర దిబ్బల ఫొటో చూపించి మరో చోటికి తీసుకువెళ్లడం సరికాదు కనుక, ప్రాంతం పేరు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

వన్యప్రాణులను, చెట్టూచేమలను చూడాలనుకునేవారికి దుబాయ్ డెజర్ట్ కన్జర్వేషన్ రిజర్వ్ ఉంది. 2003లో ఏర్పాటైన ఈ రక్షిత ప్రాంతం విస్తీర్ణం సుమారు 225 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు, అంటే 1970ల తొలినాళ్లలో, అడవిలో పూర్తిగా కనుమరుగైన అరేబియన్ ఓరిక్స్ అనే తెల్లని పొడవుకొమ్ముల జంతువును ఇక్కడ తిరిగి పెంచి స్వేచ్ఛగా తిరగనిస్తున్నారు. అనుమతి పొందిన కొద్ది సంస్థలే సందర్శకులను లోపలికి తీసుకువెళ్లగలవు, వాహనాలు నిర్ణీత మార్గాల్లోనే వెళ్లాలి. అందుకే ధర ఎక్కువగా ఉంటుంది, దిబ్బల మీద దూకించే జోరు తక్కువగా ఉంటుంది. డబ్బుకు వెనుకాడని పక్షంలో నేను దీన్నే సూచిస్తాను. ఇక్కడ గైడు జంతువుల అడుగుజాడలను, ఇసుకలో బతికే మొక్కలను చూపించి వివరిస్తాడు. ఎడారిలో అక్కడక్కడా పచ్చగా నిలబడి ఉండే ఘాఫ్ చెట్టు, దసరా నాడు మనం పూజించే జమ్మి చెట్టు ఒకటే. అది దుబాయ్ ఉన్న యూఏఈ దేశానికి జాతీయ వృక్షం, తెలంగాణకు రాష్ట్ర వృక్షం. నీళ్లు లేని నేలలో లోతైన వేళ్లతో అది ఎలా బతుకుతుందో చూడడం పిల్లలకు మంచి పాఠం.

ధరలో ఏముంది, ఏది లేదు

ప్యాకేజీ చవకగా ఉందంటే తగ్గించింది ఏమిటో కనుక్కోవాలి. సాధారణంగా ఒక ల్యాండ్ క్రూజర్ వంటి ఫోర్ వీల్ డ్రైవ్ కారులో డ్రైవరు కాక ఆరుగురు కూర్చుంటారు. షేరింగ్ అన్నప్పుడు ఆ కారులో ఇతర కుటుంబాలు కూడా ఉంటాయి. వాళ్లను ఎక్కించుకోవడానికి రెండు మూడు హోటళ్లు తిరగవలసి వస్తుంది. ప్రైవేటు కారైతే ధర మనిషికి కాక మొత్తం కారుకు లెక్కగడతారు. అయిదారుగురు కలిసి వెళ్లే కుటుంబానికి ఈ రెండింటికీ మధ్య తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. పైగా డ్రైవరుకు నెమ్మదిగా నడపమని చెప్పే స్వేచ్ఛ ప్రైవేటు కారులోనే పూర్తిగా ఉంటుంది. కొన్ని మరీ చవక ప్యాకేజీల్లో హోటల్ నుంచి క్యాంపు వరకు బస్సులో తీసుకువెళ్లి, అక్కడి నుంచి కారులో చిన్న చుట్టు తిప్పుతారు. మరికొన్నింటిలో కారు చుట్టు అసలే ఉండదు, క్యాంపు, భోజనం మాత్రమే. కనుక హోటల్ నుంచి దిబ్బల దాకా ఒకే వాహనమా, దిబ్బల మీద ఎన్ని నిమిషాలు అన్న రెండు ప్రశ్నలు తప్పకుండా వేయాలి. ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట వరకు రకరకాలుగా ఉంటుంది.

క్వాడ్ బైకు (ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బైకు), డ్యూన్ బగ్గీ (ఇసుకలో నడిపే చిన్న తేలిక కారు) సాధారణంగా ప్యాకేజీలో ఉండవు. గద్దను చేతి మీద కూర్చోబెట్టుకుని తీయించుకునే ఫొటో, ఫొటోగ్రాఫరు ప్రింటు, గోరింటాకు పెద్ద డిజైను, హుక్కా, శీతల పానీయాలు, క్యాంపులో ముందు వరుస బల్లలు కూడా చాలాచోట్ల విడిగా డబ్బు కట్టవలసినవే. 2018 నుంచి అక్కడ అయిదు శాతం వ్యాట్ ఉంది, చెప్పిన ధరలో అది కలిసి ఉందా అని అడగాలి. మద్యం మామూలు ప్యాకేజీల్లో ఉండదు, అనుమతి ఉన్న క్యాంపుల్లో మాత్రమే విడిగా అమ్ముతారు.

కరామాలోనో, అల్ నహ్దాలోనో, షార్జాలోనో ఉన్న కొడుకు ఇంట్లో, కూతురి ఇంట్లో దిగేవారు, ఆ చిరునామా నుంచి ఎక్కించుకుంటారా, దానికి అదనంగా తీసుకుంటారా అని ముందే మాట్లాడుకోవాలి. దుబాయ్ నగరం దాటిన చిరునామాలకు చాలా సంస్థలు విడిగా వసూలు చేస్తాయి.

హైదరాబాదులోనో, విజయవాడలోనో ట్రావెల్ ఏజెంటు దగ్గర దుబాయ్ ప్యాకేజీ తీసుకున్నవారికి సఫారీ సాధారణంగా అందులోనే కలిసి ఉంటుంది. అయితే ఆ ఏజెంటు దాన్ని స్వయంగా నడపడు, దుబాయ్‌లోని మరో సంస్థకు అప్పగిస్తాడు. ఆ సంస్థ పేరు, అక్కడి ఫోన్ నంబరు, కారు వచ్చే సమయం, షేరింగా ప్రైవేటా అన్నది, క్యాంపు పేరు ఓచరు (బుకింగ్ పత్రం) మీద ఉండాలని పట్టుబట్టండి. కారు రాకపోతే ఆ సాయంత్రం పనికివచ్చేది దుబాయ్ నంబరే. దుబాయ్‌లో పర్యాటక సంస్థలకు డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఎకానమీ అండ్ టూరిజం అనే ప్రభుత్వ శాఖ లైసెన్సు ఇస్తుంది, ఎడారిలోకి వాహనం తీసుకువెళ్లే డ్రైవరుకు కూడా అందుకు తగిన అనుమతి ఉండాలి. లైసెన్సు నంబరు అడిగితే సరైన సంస్థ సంకోచించకుండా చెబుతుంది. వీధిలో కరపత్రం ఇచ్చి, పూర్తి సొమ్ము నగదుగా ముందే ఇమ్మనేవారికి దూరంగా ఉండడం క్షేమం. రద్దు నిబంధనలు కూడా చదవాలి: ఇరవై నాలుగు గంటల ముందు చెబితే డబ్బు వెనక్కి ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఇసుక తుపాను, వర్షం వంటి కారణాలతో సంస్థే రద్దు చేస్తే ఏం చేస్తుందో కూడా అందులో ఉండాలి.

ఎవరు కారు ఎక్కకూడదు

దిబ్బల మీద తిప్పడాన్ని డ్యూన్ బాషింగ్ అంటారు. కారు దిబ్బ పైకి వేగంగా ఎక్కి, అంచు మీద ఒక్క క్షణం ఆగినట్టయి, అవతలి వైపు పక్కకు ఒరిగి జారుతుంది. మళ్లీ వెంటనే ఇంకో దిబ్బ. నడుము మీద, మెడ మీద పదే పదే కుదుపు పడుతుంది. గర్భిణులు ఎన్నో నెల అయినా దీనికి వెళ్లకూడదు. గుండెజబ్బు ఉన్నవారు, వెన్నుపూసకో మెడకో శస్త్రచికిత్స చేయించుకున్నవారు, డిస్క్ సమస్య ఉన్నవారు, ఎముకలు గుల్లబారిన పెద్దవారు మానుకోవాలి. బీపీ అదుపులో లేనివారు డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. చిన్నపిల్లలను చాలా సంస్థలు దీనికి అనుమతించవు. అనుమతించినా సీటుబెల్టు సరిగా పట్టని పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని దిబ్బలెక్కడం ప్రమాదకరం. ఎవరేం చెప్పినా ఒప్పుకోవద్దు.

అంతమాత్రాన వారిని హోటల్ గదిలో వదిలి వెళ్లవలసిన పని లేదు. దిబ్బల మీదికి వెళ్లకుండా నేరుగా క్యాంపుకు తీసుకువెళ్లే ఏర్పాటు దాదాపు అన్ని సంస్థలూ చేస్తాయి, కానీ బుక్ చేసేటప్పుడే చెప్పాలి. దిబ్బల అంచుకు వెళ్లాక షేరింగ్ కారులో అమ్మగారు మాత్రం దిగిపోతారంటే డ్రైవరు చేయగలిగింది తక్కువ. అక్కడ మొహమాటపడి కూర్చుండిపోయి, తరువాత వారాల తరబడి నడుము నొప్పితో బాధపడేవారు ఉంటారు. కుటుంబంలో ఎవరో ఒకరు వారి తరఫున ముందే మాట్లాడాలి.

తిరుమల ఘాట్ రోడ్డు మీదో, అరకు దారిలోనో కడుపులో తిప్పేవారికి ఇక్కడ తప్పకుండా తిప్పుతుంది. వాంతులు ఆపే మాత్రను డాక్టరు సలహాతో బయలుదేరే ముందే వేసుకోవాలి, కారు ఊగడం మొదలయ్యాక వేసుకుంటే ఫలితం ఉండదు. మధ్యాహ్న భోజనం తేలికగా, రెండు గంటల ముందే ముగించాలి. ఖాళీ కడుపుతో వెళ్లడం కూడా మంచిది కాదు. మూడో వరుస వెనుక చక్రాల మీద ఉంటుంది కనుక కుదుపు అక్కడే ఎక్కువ. కడుపులో తిప్పేవారు ముందు సీటులో గానీ మధ్య వరుసలో గానీ కూర్చుని, ఫోను పక్కన పెట్టి, దూరంగా కనిపించే దిగంతం మీద చూపు నిలపాలి. మరీ ఇబ్బందిగా ఉంటే డ్రైవరుకు వెంటనే చెప్పండి, ఆపడం అతనికి అలవాటైన పనే. ఇక్కడ పనిచేసే డ్రైవర్లలో చాలామందికి హిందీ గానీ ఉర్దూ గానీ వస్తుంది కనుక ఇంగ్లీషు రాని పెద్దవారు కూడా ఇబ్బంది లేకుండా చెప్పుకోవచ్చు.

ఆ రోజు

చీర కన్నా చుడీదారు లేదా ప్యాంటు నయం. కారు మెట్టు ఎత్తుగా ఉంటుంది, ఒంటె మీద కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చోవాలి. చలికాలంలో చీకటి పడగానే గాలి చల్లబడుతుంది, కాబట్టి పలుచని స్వెట్టరు తీసుకువెళ్లాలి. బూట్లలో ఇసుక నిండిపోతుంది, తీసి దులుపుకోగలిగే చెప్పులు సుఖం. ఫోనుకు ఒక ప్లాస్టిక్ సంచి, కళ్లకు చలువ అద్దాలు, తాగడానికి నీళ్లు ఉంటే చాలు. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం చట్టరీత్యా నేరం, దాన్ని తీసుకువెళ్లనే వద్దు.

దిబ్బలు మొదలయ్యే ముందు రోడ్డు పక్కన దుకాణాలు, క్వాడ్ బైకులు ఉన్నచోట ఆపుతారు. కారు టైర్లలో గాలి ఇంచుమించు సగానికి తగ్గించడానికి ఈ సమయం అవసరం. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోకుండా ఉంటుంది. అయితే ఈ ఆగడంలోనే తలపాగా కట్టి డబ్బు అడగడం, క్వాడ్ బైకు ఎక్కమని ఒత్తిడి చేయడం కూడా జరుగుతుంది. వద్దనుకుంటే మర్యాదగా వద్దని చెప్పి పక్కకు వచ్చేయవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఎక్కాలనుకున్నవారు ఎన్ని నిమిషాలకు ఎంత అన్నది ముందే మాట్లాడుకుని, హెల్మెట్ పెట్టుకుని, తమ ట్రావెల్ ఇన్సూరెన్సు ఇటువంటి సాహస క్రీడలకు వర్తిస్తుందో లేదో చూసుకున్న తరువాతే ఎక్కాలి. చాలా పాలసీలు వీటిని మినహాయిస్తాయి. మరుగుదొడ్డి అవసరం కూడా ఇక్కడే తీర్చుకోవాలి, దిబ్బల మధ్య ఆ వసతి ఉండదు.

క్యాంపులో ఖర్జూరాలు, యాలకులు వేసిన అరబ్బీ కాఫీతో ఆహ్వానిస్తారు. ఒంటె సవారీ అంటే చాలాచోట్ల రెండు మూడు నిమిషాల చిన్న చుట్టు మాత్రమే. ఒంటె లేచేటప్పుడు వెనుక కాళ్లు ముందు లేపుతుంది, కూర్చునేటప్పుడు ముందు కాళ్లు ముందు మడుస్తుంది. రెండుసార్లూ మనిషి ముందుకు తూలతాడు. కనుక రెండుసార్లూ పిడిని గట్టిగా పట్టుకుని వెనక్కి వాలాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు దీన్ని మానుకోవడమే మంచిది.

గోరింటాకు విషయంలో ఒక హెచ్చరిక ఉంది. వెంటనే నల్లగా పండే గోరింటాకులో తరచుగా పీపీడీ అనే రసాయనం కలుపుతారు, దానివల్ల కొందరికి చర్మం బొబ్బలెక్కుతుంది. పిల్లల చేతులకు అది అసలే పెట్టించకూడదు. ఎర్రగా పండే మామూలు గోరింటాకేనా అని అడిగి చేయి చాపండి.

భోజనం బఫే పద్ధతిలో ఉంటుంది. మాంసం హలాల్. వచ్చేవారిలో భారతీయులు ఎక్కువ కాబట్టి అన్నం, పప్పు, కూరగాయల కూర, సలాడ్లు, హమ్మస్ (ఉడికించిన శనగల ముద్ద) వంటివి శాకాహారులకు దొరుకుతాయి. కానీ నిప్పుల మీద కాల్చే చోట మాంసానికీ కూరగాయలకూ ఒకే పట్టకారు వాడవచ్చు. నియమంగా ఉండేవారు, ఉల్లి వెల్లుల్లి తిననివారు ముందుగా చెప్పి, అయినా కూడా సంచిలో తమకు సరిపడేది ఏదైనా ఉంచుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు భోజన వేళను మరింత జాగ్రత్తగా పట్టించుకోవాలి. ఇంట్లో ఏడింటికి తినే మనిషికి ఇక్కడ భోజనం ఎనిమిది దాటాక అందవచ్చు, వేసవిలో ఇంకా ఆలస్యం. బిస్కెట్లు, మందులు కారులో వదిలేయకుండా చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

భోజన సమయంలో తనూరా అనే గిరగిరా తిరిగే నృత్యం, నిప్పుతో విన్యాసాలు, బెల్లీ డాన్స్ ఉంటాయి. బెల్లీ డాన్స్ పిల్లలతో, పెద్దవారితో కూర్చుని చూడడం ఇబ్బంది అనుకునే కుటుంబాలు అది లేని క్యాంపును ముందే అడిగి ఎంచుకోవచ్చు. తోటి సందర్శకులను, ముఖ్యంగా స్త్రీలను, వారి అనుమతి లేకుండా ఫొటోలు తీయడం ఆ దేశంలో చట్టపరమైన చిక్కులు తెస్తుంది.

తిరుగు ప్రయాణానికి షేరింగ్ కారులోని అందరూ వచ్చేదాకా ఆగాలి. క్యాంపు బయట ఒకేలాంటి తెల్లని కార్లు పదుల సంఖ్యలో నిలబడి ఉంటాయి కనుక, దిగినప్పుడే కారు నంబరు ఫొటో తీసుకుని, డ్రైవరు నంబరు ఫోనులో పెట్టుకోవాలి. అర్ధరాత్రి విమానానికి హైదరాబాదు తిరిగి వచ్చే రోజున సాయంకాలపు సఫారీ పెట్టుకోవద్దు. తొమ్మిదిన్నరకు హోటల్ చేరి, ఇసుక వదిలేలా స్నానం చేసి, సామాను సర్దుకుని, మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండడం పిల్లలతోనూ పెద్దవారితోనూ సాధ్యపడదు. ప్యాకేజీలో ఏజెంటు ఆ రోజే వేసి ఉంటే మరో రోజుకు మార్చమని బయలుదేరక ముందే అడగండి.